దివిటీ కొట్టే ముందు

2016 ఏప్రిల్ 10 తెల్లవారుజామున కేరళలోని పరవూరు పుట్టింగల్ దేవి ఆలయంలో ఉత్సవపు బాణాసంచా నిల్వచేసిన గదికి నిప్పంటుకున్నది. అమ్మవారి సన్నిధికి వచ్చినవారిలో వందమందికి పైగా అసువులు బాశారు. పోటీ బాణాసంచాకు జిల్లా యంత్రాంగం ముందే అనుమతి నిరాకరించింది. అయినా కాల్చారు. భక్తికి కాల్చినా, వేడుకకు కాల్చినా మందుగుండు గుణం ఒక్కటే కదా!

అటువంటి నిల్వగది మన ఇళ్లలోనూ ఉంటుంది: మంచం కింద, అటక మీద, కొందరికి వంటింటి గూట్లోనే! లైసెన్సు లేని చోట చవకగా కొన్న టపాసులలో ఏ రసాయనం ఎంత కూరారో చెప్పేవారుండరు. బేరియం లవణాలను వాడరాదనీ, దీపావళినాడు రాత్రి 8 నుంచి 10 గంటల వరకే కాల్చాలనీ సుప్రీంకోర్టు 2018లో ఆదేశించింది.

గోగుకాడలకు నూనెవత్తులు కట్టి పిల్లలచేత దివిటీలు కొట్టించి, కాళ్లు కడిగించి, నోరు తీపి చేశాకే మతాబులు ముట్టించడం మన ఇళ్ల ఆచారం. అంతసేపూ పెద్దలు పక్కనే ఉంటారు. ఆ తరువాత కూడా అక్కడే ఉండండి. నూలుబట్టలు తొడగండి, నీళ్ల బకెట్టు దగ్గరుంచండి, పేలని టపాసు జోలికి పోనివ్వకండి. ఒళ్లు కాలితే సిరా, పేస్టు పూయక, ఇరవై నిమిషాలు చల్లని నీటిధార కింద ఉంచి వైద్యుని వద్దకు తీసుకువెళ్లండి.