నోటీసు అంటించి వెళ్లిపోతే సరిపోదు

2023 ఉగాది మర్నాడు, మార్చి 23న తెల్లారకముందే విశాఖపట్నం రామజోగిపేటలో మూడంతస్తుల ఇల్లు కూలింది. ముగ్గురు పోయారు, అందులో ఇద్దరు తోడబుట్టినవాళ్లు. పక్క స్థలంలో తవ్వకాలవల్లే కూలిందని అప్పట్లో అనుమానించారు. పాత ఇళ్లకు మరమ్మతులు చేయించడమే నా బతుకు. కొత్త ఇంటికి పునాది తీస్తున్నప్పుడు పక్కనున్న పాత గోడకు ఆసరాగా పోట్లు పెట్టకుండా పని సాగించడం ఈ ఊళ్లో ఇప్పటికీ చూస్తూనే ఉన్నాను.

మన ఊరి ఉప్పుగాలి కాంక్రీటును లోపలినుంచి తింటుంది. పూర్ణా మార్కెట్ వెనక సందుల్లో పెచ్చులూడిన శ్లాబును స్క్రూడ్రైవరుతో గీరి చూడండి, ఊచ పొరలు పొరలుగా రాలుతుంది. తుప్పు పట్టిన ఇనుము ఉబ్బి, చుట్టూ ఉన్న కాంక్రీటును పగలగొడుతుంది. పైన పిట్టగోడ బీటలో రావి మొక్క. దాని వేరు గోడలో దిగాక పెరికితే ఇటుకలూ వస్తాయి. చిన్నప్పుడే పీకేస్తే ఖర్చే లేదు.

ఇలాంటి ఇంటికి నోటీసు వచ్చిందంటే కూల్చేయమనేనని జనం భయపడతారు. కానీ మన విశాఖ కార్పొరేషన్‌కు (జీవీఎంసీ) వర్తించే 1955 మున్సిపల్ కార్పొరేషన్ల చట్టం 456వ సెక్షన్ చూడండి. శిథిలమైన కట్టడాన్ని కూల్చమనే కాదు, పటిష్ఠం చేయమని, మరమ్మతు చేయమని కూడా కమిషనర్ ఆదేశించవచ్చు. ఆ రెండో దారిని ముందు వాడాలి.

అయితే చాలా ఇళ్లలో అసలు చిక్కు వేరు. ఓనరు అద్దె చాలదంటాడు, అద్దెకున్నవాళ్లు ఖాళీ చేస్తే మళ్లీ రానివ్వరని కదలరు. కోర్టులో దావా నడుస్తుంటుంది. ఈలోగా శ్లాబు ఆగదు కదా! అద్దెదారుకు మరమ్మతు అయ్యాక తిరిగి రావచ్చని రాసిచ్చే కాగితం కావాలి. ఆ కొన్నాళ్లు తలదాచుకోవడానికి చోటూ చూపించాలి.

వానాకాలానికి ముందే వార్డు సచివాలయం ప్లానింగ్ కార్యదర్శి, ఒక స్ట్రక్చరల్ ఇంజినీరు కలిసి వీధివీధీ తిరగాలి. పక్కన పునాది తవ్వేవాళ్లకు, పాత గోడకు పోట్లు పెట్టినట్టు ఫొటో చూపించాకే పని మొదలుపెట్టనివ్వాలి. ఓనరు కదలకపోతే కార్పొరేషనే పని చేయించి, ఖర్చు ఇంటిపన్నుతోపాటు వసూలు చేసుకోవాలి. దావా ఎవరు గెలిచినా ఆ బాకీ ఇంటిమీదే ఉంటుంది.