లెక్కలో లేని ప్రాణికి దిక్కెవరు?

దసరా నాడు పాలపిట్ట కంటబడితే ఏడాదంతా శుభమని తెలంగాణ పల్లెల్లో తరతరాల నమ్మకం. జమ్మికి వెళ్లేటప్పుడు ఊరి పొలిమేర దాటి ఆ పిట్టను వెతుక్కుంటూ నడిచేవారు. కరెంటు తీగ మీదో, చేను గట్టున మోడు మీదో కూర్చున్న పిట్ట రెక్క విప్పితే ఆ నీలం చూసి పిల్లలు కేరింతలు కొట్టేవారు. ఇప్పుడు పట్టణాల్లో ఆ వెతుకులాట తగ్గిపోయింది. పండగకు ముందే పాలపిట్టలను పట్టి, ఎగరకుండా కాళ్లు కట్టి, రెక్కలు కత్తిరించి, పంజరాల్లో వీధుల్లోకి తెస్తున్నారు. మనం వాళ్ల చేతిలో నోటు పెట్టి, పిట్టకు దండం పెట్టుకుని, ఇక శుభమేనని ఇంటికి వెళ్తున్నాం. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం ఆ పిట్టను పట్టడం, బంధించడం నేరం. డబ్బిచ్చే చేయి లేకపోతే పట్టే చేయీ ఉండదు కదా. ప్రాణమున్న జీవిని హింసపెట్టి మూటగట్టుకునేది శుభం ఎలా అవుతుంది?

పాలపిట్ట తెలంగాణ రాష్ట్ర పక్షి. బొమ్మ గీసుకున్నాం, పేరు పెట్టుకున్నాం. ఎన్ని మిగిలాయని మాత్రం మనలో చాలామందిమి అడగలేదు. అడిగినవాళ్లు వేరే ఉన్నారు. 2023లో వెలువడిన ‘స్టేట్ ఆఫ్ ఇండియాస్ బర్డ్స్’ నివేదిక వెనక 30 వేల మందికి పైగా పక్షి పరిశీలకులు ఉన్నారు. వాళ్లలో విద్యార్థులు, టీచర్లు, బ్యాంకు ఉద్యోగులు, రిటైరైన పెద్దలు, గృహిణులు ఉన్నారు. వాళ్లు నమోదు చేసిన 3 కోట్ల పరిశీలనల ఆధారంగా 942 జాతుల స్థితిని శాస్త్రవేత్తలు అంచనా వేశారు. దీర్ఘకాలంలో పెరిగాయో తగ్గాయో తేల్చగలిగిన జాతులు 338. వాటిలో 60 శాతం తగ్గాయి. వెంటనే శ్రద్ధ పెట్టాల్సినవిగా గుర్తించిన 178 జాతుల్లో మన పాలపిట్ట ఉంది. దాని సంఖ్య 30 శాతానికి పైగా పడిపోయిందని, అంతర్జాతీయ ఎర్ర జాబితాలో దాని స్థితిని మళ్లీ పరిశీలించాలని ఆ నివేదిక చెప్పింది.

ఇంత పెద్ద నిజం బయటపడటానికి వాడిన పద్ధతి చాలా మామూలుది. ఒక చోట నిలబడి, లేదా ఒక దారిలో నడిచి, కనీసం 15 నిమిషాలు కనబడిన ప్రతి పక్షినీ, వినబడిన ప్రతి కూతనూ రాయాలి. అరుదైనది ఒక్కటే రాసి ఊరుకోకూడదు. కాకినీ, గోరింకనూ, పావురాన్నీ రాయాలి. తేదీ, చోటు, ఎంతసేపు చూశామన్నది రాయాలి. ఇలాంటి జాబితాలు లక్షల్లో ఒకచోట చేరినప్పుడు, పదేళ్ల కిందట నూరు జాబితాల్లో పాలపిట్ట ఎన్నింట్లో ఉండేది, ఇప్పుడు ఎన్నింట్లో ఉందన్నది తేలుతుంది. జాబితాలో పిట్ట పేరు లేకపోవడం కూడా ఒక సమాచారమే. కళ్లు, ఓపిక, నిజాయితీ ఉంటే చాలు, ఈ పని చేయవచ్చు. డాక్టరేట్ అక్కర్లేదు.

లెక్క మన భయాలనూ సరిదిద్దుతుంది. పిచ్చుక అంతరించిపోతోందని ఏళ్ల తరబడి బాధపడ్డాం. ఇదే వరుసలో 2020లో వచ్చిన నివేదికలో తేలిందేమిటంటే, పెద్ద నగరాల్లో పిచ్చుకలు తగ్గాయి, దేశం మొత్తం మీద చూస్తే వాటి సంఖ్య దాదాపు నిలకడగానే ఉంది. మనం పిచ్చుక కోసం కన్నీళ్లు పెడుతున్న కాలంలోనే ఎవరూ ఏడవని పక్షులు పొలాల్లోంచీ గడ్డిభూముల్లోంచీ జారిపోయాయి. మన జాలి నిజమే, కానీ లెక్క లేని జాలికి ఎటు వెళ్లాలో తెలియదు.

హైదరాబాద్‌లో జరిగింది గుర్తు చేసుకుందాం. 2025 మార్చి నెలాఖరున కంచ గచ్చిబౌలిలోని 400 ఎకరాల మీదికి జేసీబీలు వెళ్లాయి. ఆ భూమి ప్రభుత్వానిదేనని అంతకు ముందే కోర్టుల్లో తేలింది. యాజమాన్యం ఎవరిదైనా, అక్కడ బతుకుతున్న ప్రాణుల సంగతేమిటని పక్కనే ఉన్న హైదరాబాద్ విశ్వవిద్యాలయం విద్యార్థులు అడిగారు. వాళ్ల దగ్గర కోపంతో పాటు కాగితం కూడా ఉంది. అక్కడి ‘వైల్డ్ లెన్స్’ విద్యార్థి బృందం, నగరంలోని పక్షి పరిశీలకులు ఏళ్లుగా ఆ నేల మీద తిరిగి రాసి పెట్టిన జాబితాలు ఉన్నాయి. రెండు వందలకు పైగా పక్షి జాతులు, చుక్కల జింకలు, నక్షత్ర తాబేళ్లు వాటిలోకెక్కాయి. హైదరాబాద్ పేరునే మోస్తున్న ‘మురీషియా హైదరాబాదెన్సిస్’ అనే సాలీడు శాస్త్రానికి పరిచయమైంది ఆ విశ్వవిద్యాలయ ప్రాంగణం నుంచే. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు తనంతట తానే విచారణకు తీసుకుని చెట్ల నరికివేతను ఆపించింది. అప్పటికే సుమారు వంద ఎకరాల్లో పచ్చదనం పోయింది.

కోర్టు ఆదేశానికి ఆ జాబితాలే కారణమని చెప్పడం సరికాదు. చాలామంది నిలబడ్డారు, చాలా గొంతులు కలిశాయి. అయితే అది ఉత్త పొదల బీడు అన్న మాట మాత్రం ఆ జాబితాల ముందు నిలవలేదు. చూసినవాళ్లు ముందే చూశారు, ముందే రాసి పెట్టుకున్నారు. జేసీబీ వచ్చి నిలబడ్డాక సర్వే మొదలుపెట్టే వ్యవధి ఎవరికీ ఉండదు. మరి విశ్వవిద్యాలయం పక్కన లేని నేలల మాటేమిటి? మీ మండలంలోని గుట్టల మీద ఏముందో ఎవరు రాశారు? మీ ఊరి చెరువు శిఖం భూమిలో ఏ కొంగలు దిగుతాయో, ఏ కప్పలు అరుస్తాయో ఎక్కడుంది? రేషన్ కార్డులో పేరు లేని మనిషికి రేషన్ బియ్యం రావు. ఏ లెక్కలోనూ లేని పిట్టకు, చెట్టుకు, చేపకు రక్షణ ఎక్కడి నుంచి వస్తుంది?

చదువుకున్నవాళ్లమే ఇవన్నీ చేయగలమని విర్రవీగవద్దు. కలివికోడి కథ మన కళ్లు తెరిపించాలి. 1848లో శాస్త్రానికి పరిచయమైన ఆ పక్షి 1900 తరువాత శాస్త్రజ్ఞుల కంటబడలేదు. అంతరించిందనే అనుకున్నారు. 1986 జనవరిలో కడప జిల్లాలో, లంకమల కొండల దిగువన, రెడ్డిపల్లె దగ్గర అది మళ్లీ దొరికింది. బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ తరఫున భరత్ భూషణ్ వెతుకుతుంటే, రాత్రిపూట టార్చి వెలుగులో దాన్ని పట్టి తెచ్చింది అక్కడి వేటగాడు ఒకరు. శాస్త్రం ఎనభై ఏళ్లకు పైగా కోల్పోయిన పిట్ట ఆ మనిషి ఎరుకలో ఉంది. 1988లో అక్కడ శ్రీలంకమల్లేశ్వర అభయారణ్యం ఏర్పడింది. ఆ తరువాత పరిశోధకులు పొదల మధ్య మెత్తటి మట్టి పరిచి, తెల్లారి అడుగుజాడలు వెతికారు, కెమెరాలు అమర్చారు. ఆ శ్రమలో ఊరివాళ్లు చేదోడుగా నిలిచారు. తెలుగుగంగ కాలువ పని ఆ పొదల మీదికి వచ్చినప్పుడు కాలువ దారి మార్చడానికి ఆ ఆధారాలు అక్కరకొచ్చాయి.

గొర్రెల కాపరికి, చెంచుకు, యానాదికి, వల వేసే బెస్తకు, కూలికి పోయే అవ్వకు తెలిసిన సంగతులు మన పుస్తకాల్లో లేవు. విద్యార్థి నోటు పుస్తకం పట్టుకుని వెళ్లాల్సింది ముందు వాళ్ల దగ్గరికే. అక్కడికి వెళ్లి పాఠం చెప్పకూడదు, నేర్చుకోవాలి. వాళ్లు చెప్పింది వాళ్ల పేరుతోనే, వాళ్లు ఒప్పుకుంటేనే రాయాలి.

ఇదంతా ఇష్టమైనవాళ్లు చేసుకునే సరదా అని ఎవరైనా అంటే, రాజ్యాంగం తెరిచి చూపించండి. 1976లో 42వ సవరణతో చేరిన 51ఎ అధికరణంలో పౌరుల ప్రాథమిక విధులు ఉన్నాయి. అడవులను, చెరువులను, నదులను, వన్యప్రాణులను కాపాడాలి, ప్రాణుల పట్ల దయ చూపాలి అన్నది ‘జి’. శాస్త్రీయ దృక్పథాన్ని, మానవత్వాన్ని, అడిగి తెలుసుకునే గుణాన్ని పెంచుకోవాలి అన్నది దాని వెంటనే ఉన్న ‘హెచ్’. దయ, జిజ్ఞాస పక్కపక్కనే ఉన్నాయి. చెరువు గట్టున నిలబడి పక్షులను లెక్కించే విద్యార్థి ఆ రెండు విధులనూ ఒకే ఉదయం నెరవేరుస్తున్నాడు. మనం హక్కుల కోసం రోడ్డెక్కుతాం, ఎక్కాలి కూడా. ఈ విధుల కోసం ఎప్పుడైనా ఇంట్లోంచి కాలు బయట పెట్టామా?

చట్టం దారి చూపించలేదని అనలేం. 2002 నాటి జీవవైవిధ్య చట్టం ప్రతి స్థానిక సంస్థలోనూ జీవవైవిధ్య యాజమాన్య కమిటీ ఉండాలంది. ఊరివాళ్లతో సంప్రదించి ప్రజా జీవవైవిధ్య రిజిస్టర్ తయారు చేయడం దాని ముఖ్య బాధ్యత. పదిహేనేళ్లు గడిచినా చాలా చోట్ల ఆ పని కదలలేదు. చివరికి జాతీయ హరిత ట్రిబ్యునల్ 2020 జనవరి 31 గడువు పెట్టి, దాటిన రాష్ట్రాలు నెలకు రూ.10 లక్షలు కట్టాలంది. దాంతో దేశంలో రిజిస్టర్ల సంఖ్య రెండున్నర లక్షలు దాటింది. జరిమానా భయంతో నిండిన పుటల్లో ఊరి ఎరుక ఎంత ఉంటుంది? మీ పంచాయతీలో ఆ పుస్తకం ఉందో లేదో మీకు తెలుసా? అందులో ఏం రాశారో గ్రామసభలో ఎప్పుడైనా చదివారా?

కాలేజీల సంగతీ అంతే. డిగ్రీలో పర్యావరణ అధ్యయనం తప్పనిసరి. యూజీసీ రూపొందించిన పాఠ్యప్రణాళికలో క్షేత్ర పర్యటన ఒక భాగం. దగ్గరలోని నదికో అడవికో కొండకో వెళ్లి చూడాలని, మామూలు మొక్కలను, పురుగులను, పక్షులను అధ్యయనం చేయాలని ఇదివరకటి ప్రణాళికలో ఉండేది. మన విద్యార్థుల్లో ఎంతమంది నిజంగా వెళ్తున్నారు? జిరాక్స్ సెంటర్‌లో దొరికే ప్రాజెక్టుకు అట్ట మార్చి సంతకం పెట్టించుకోవడం అందరికీ తెలిసిన రహస్యం. ఆ సంతకం పెట్టే గురువుల్లారా, మీరు ఆ కాగితంతో పిల్లలకు నేర్పుతున్నది అబద్ధం రాయడం. చూడనిది చూసినట్టు రాయడం అలవాటైనవాడు రేపు అధికారి అయి, ఇక్కడ చెరువే లేదని సంతకం పెడతాడు. తల్లిదండ్రులారా, పిట్టలను లెక్కపెడితే ర్యాంకు వస్తుందా అని పిల్లవాడిని ఆపకండి. తన కళ్లతో చూసి, తేడా కనిపెట్టి, ఉన్నది ఉన్నట్టు రాయడం కన్నా మంచి చదువు ఏ కోచింగ్ సెంటర్‌లోనూ లేదు.

పొరుగున కేరళలో ఇది జరిగింది. 2015 నుంచి 2020 దాకా వెయ్యి మందికి పైగా స్వచ్ఛంద కార్యకర్తలు రాష్ట్రాన్ని గళ్లుగా విభజించుకుని, వానాకాలంలోనూ పొడి కాలంలోనూ తిరిగి, 361 జాతులతో పక్షుల అట్లాస్ తయారు చేశారు. ‘సీజన్‌వాచ్’ కార్యక్రమంలో అక్కడి బడి పిల్లలు వారం వారం ఒకే చెట్టు దగ్గరికి వెళ్లి చిగురు, పూత, కాయ ఎప్పుడొచ్చాయో రాస్తున్నారు. మన దగ్గర మామిడి పూత, వేప పూత లేని ఉగాది ఉందా? పచ్చడిలో వేసుకునే ఆ పూత ఏటేటా ఏ వారంలో వస్తోందో మన బడుల్లో రాసి పెట్టుకుంటే, ముప్పై ఏళ్ల తరువాత అది మారుతున్న వాతావరణానికి మన పిల్లలు రాసిన చరిత్ర అవుతుంది.

ఈ పనికి కొన్ని నియమాలు ఉన్నాయి. వాటిని తప్పితే మేలు కన్నా కీడు ఎక్కువ. చూడనిది రాయకూడదు. అనుమానం ఉంటే అనుమానమనే రాయాలి. కనబడకపోతే కనబడలేదని రాయాలి. ఫొటో కోసం గూటి దగ్గరికి వెళ్లకూడదు, కొమ్మలు తొలగించకూడదు, రికార్డు చేసిన కూతలు వినిపించి పిట్టను రప్పించకూడదు. అరుదైన ప్రాణి ఎక్కడుందో వాట్సాప్ గ్రూపుల్లో పెట్టకూడదు. మనం పెట్టిన లొకేషన్ వేటగాడి ఫోన్‌కూ చేరుతుంది. లెక్క ఆ ప్రాణి కోసమే. మన పేరు కోసం దాన్ని బెదరగొడితే ఆ లెక్కకు విలువ లేదు.

ఒక్కరే వెళ్తే అది అభిరుచి, ఊరంతా వెళ్తే అది కాపలా. నెలకు ఒక ఆదివారం, ఒకే చెరువు, ఒకే దారి, ఒకే సమయం. బడి పిల్లలు, ఒక టీచర్, ఊరి సంగతులు తెలిసిన ఒక పెద్దాయన లేక పెద్దమ్మ. రాసిన జాబితా ఈబర్డ్ లాంటి బహిరంగ వేదికలో ఒకటి, పంచాయతీ కార్యాలయంలో ఒకటి ఉండాలి. నగరాల్లో కాలనీ సంఘాలు పార్కుకు రంగులేయడంతో ఆగకుండా అక్కడి చెట్ల, పక్షుల జాబితా గోడ మీద పెట్టాలి. విదేశాల్లో ఉన్న తెలుగువాళ్లు సొంత ఊరి గుడికి, బడికి పంపినట్టే బైనాక్యులర్లు, పక్షుల పుస్తకాలు పంపవచ్చు.

చెరువు పూడ్చాక, గుట్ట తొలిచాక, అక్కడ ఇన్ని ప్రాణులు ఉండేవని మాకు తెలియదని అనడం మనకు అలవాటైంది. తెలుసుకునే వీలు లేనివాడికి ఆ మాట చెల్లుతుంది. జేబులో ఫోను, చేతిలో చట్టం, పక్కన చదువుకున్న పిల్లలు ఉన్న మనకు చెల్లదు. తెలుసుకోకపోవడం మనం ఎంచుకున్నదే. కాబట్టి జరిగే నష్టంలో మన వాటా ఉంది.

వచ్చే గ్రామసభకు వెళ్లండి. జీవవైవిధ్య రిజిస్టర్ తెచ్చి అందరి ముందూ చదవమని అడగండి. లేదంటే ఎందుకు లేదో తీర్మానంలో రాయించండి. ఉంటే, అందులో మీ చెరువు, మీ గుట్ట, మీ వాగు ఉన్నాయో లేదో చూడండి. తప్పులుంటే దిద్దించండి. ఖాళీలుంటే ఆ పుటలు నింపే పని మీ ఊరి విద్యార్థులకు అప్పగించండి, వాళ్ల వెంట మీరూ నడవండి.