చుక్కల లెక్క

ఆస్పత్రిలో సెలైన్ పెట్టారంటే పేషెంటు పక్కన కూర్చున్నవాళ్లకి ఒకటే డ్యూటీ... సీసా వంక చూస్తూ ఉండటం. అయిపోవస్తోందంటే నర్సు కోసం పరుగు. నిజానికి చూడాల్సింది సీసాని కాదు, దాని కింద చుక్కలు పడే లావుపాటి ప్లాస్టిక్ గొట్టాన్ని.

మామూలు సెట్‌లో 20 చుక్కలైతే ఒక మిల్లీలీటరు. అరలీటరు సీసా 4 గంటల్లో ఎక్కాలంటే నిమిషానికి దాదాపు 42 చుక్కలు పడాలి. నర్సు గడియారం చూసుకుంటూ చక్రం తిప్పి సరిచేసి వెళుతుంది. ఆ తర్వాత రోగి చెయ్యి మడిచినా, మంచం ఎత్తు మారినా లెక్క తప్పుతుంది. తొందరగా అయిపోతే ఇంటికెళ్లొచ్చని చక్రాన్ని తిప్పేసే చుట్టాలూ ఉంటారు! పసిపిల్లలకీ, గుండె, కిడ్నీ జబ్బులున్నవారికీ ఇది ప్రమాదం. ఎక్కువైన నీరు ఊపిరితిత్తుల్లో చేరి ఆయాసం రావచ్చు.

ఈ కాపలా పనిని కాంతికి అప్పగించొచ్చు. ఆ గొట్టానికి క్లిప్పులా తగిలించే పరికరంలో ఓ పక్క పరారుణ కాంతినిచ్చే బుల్లి దీపం, ఎదురుగా దాన్ని పసిగట్టే సెన్సర్ ఉంటాయి. టీవీ రిమోట్‌లో ఉండేదీ ఇలాంటి కాంతే. చుక్క పడిన ప్రతిసారీ కాంతికి క్షణంపాటు అడ్డొస్తుంది. పరికరం వాటిని లెక్కపెట్టి, వేగం మారినా చుక్క ఆగినా అలారం మోగిస్తుంది. అమెరికాలోని సియాటెల్‌కి చెందిన షిఫ్ట్ ల్యాబ్స్ రూపొందించిన 'డ్రిప్‌అసిస్ట్'కి కరెంటు అక్కర్లేదు, ఒక్క పెన్సిల్ సెల్ చాలు.

అయితే దీనికి తెలిసింది చుక్కల లెక్కే. సూది నరంలోంచి జారి మందు చర్మం కింద చేరుతున్నా చుక్కలు పడుతూనే ఉండొచ్చు. చెయ్యి వాచినా, మంట పుట్టినా నర్సుని పిలవాల్సింది పక్కనున్నవాళ్లే.