ఎలుకల వైరస్‌తో మనకేం పని అనేవారికి

చిరంజీవులైన పరిశోధక విద్యార్థులకు,

మైక్రోబయాలజీ పాఠాలు చెప్పి రిటైరైన నన్ను మీలో చాలామంది అడిగేది ఒక్కటే: "సార్, ఇప్పుడు ఏ టాపిక్‌కి గిరాకీ ఉంది?" జవాబుగా ఫ్రాన్స్వాజ్ బారే-సినూసీ సంగతి చెప్తాను. హెచ్‌ఐవీని కనిపెట్టినందుకు 2008లో నోబెల్ అందుకున్నారని మీ పుస్తకాల్లో ఉంటుంది. ఆ వైరస్ దొరికిన 1983కి ముందు పదేళ్ల పైచిలుకు ఆవిడ ఏం చేశారో మాత్రం ఉండదు.

పారిస్‌లో డిగ్రీ చదువుతూ, జీతం లేకపోయినా సరే ల్యాబులో చేర్చుకోండని చాలా గుమ్మాలు ఎక్కి దిగారు. చివరికి పాస్చర్ ఇన్‌స్టిట్యూట్‌లో జాన్-క్లోద్ షెర్మాన్ బృందం రానిచ్చింది. ఆపైన క్లాసులకు వెళ్లడం తగ్గింది. స్నేహితుల నోట్సుతో చదివి పరీక్షలకు మాత్రం హాజరయ్యేవారు. మార్కులు మునుపటికన్నా బాగా వచ్చాయట! (మీ అటెండెన్సుకు నా పూచీ లేదు.)

అక్కడ పని ఎలుకలకు లుకేమియా తెచ్చే రెట్రోవైరస్‌ల మీద. వీటి దగ్గర రివర్స్ ట్రాన్‌స్క్రిప్టేజ్ అనే ఎంజైము ఉంటుంది. అది ఆర్‌ఎన్‌ఏని చూసి డీఎన్‌ఏ తయారుచేస్తుంది. 1970లో టెమిన్, బాల్టిమోర్ విడివిడిగా దాన్ని బయటపెట్టారు. కల్చర్‌లో ఆ ఎంజైము ఎంత ఉందో కొలవడం ఆవిడకు చెయ్యి తిరిగిన పని. 1974 నాటి థీసిస్ కూడా దాన్ని అడ్డుకునే ఒక రసాయనం గురించే. మనుషుల్లో రెట్రోవైరస్ ఉంటుందని అప్పటికింకా రుజువు లేదు. వెతికి వెతికి విసిగి చాలా ల్యాబులు వదిలేశాయి.

1982 చివర్లో విల్లీ రోజెన్‌బామ్ అనే డాక్టరు, ఎయిడ్స్ అనే కొత్త జబ్బుకు కారణం రెట్రోవైరసేమో చూడమని పాస్చర్‌ను అడిగాడు. జనవరి మొదట్లో ఒక రోగి మెడ దగ్గర వాచిన లింఫ్ గ్రంథి ముక్క వచ్చింది. జబ్బు ముదరని మనిషిని కావాలనే ఎంచుకున్నారు. ముదిరితే వైరస్ చేరే తెల్లకణాలే మిగలవు, ఇక వైరస్ ఎక్కడ దొరుకుతుంది? కణాలను పెంచుతూ మూడు నాలుగు రోజులకోసారి ఎంజైము కొలిచారు. మొదటి వారం ఏమీ లేదు. రెండు వారాలు దాటాక కాస్త కదలిక. అంతలోనే రీడింగు పడిపోసాగింది, కణాలు చచ్చిపోతున్నాయి. కల్చర్ పాడైందని పారబోసి ఉంటే అంతటితో సరి. ఆరోగ్యంగా ఉన్న దాత రక్తంలోని లింఫోసైట్లు తెచ్చి కలిపారు. రీడింగు మళ్లీ లేచింది, ఆ కొత్త కణాలూ చచ్చాయి. అమెరికాలో గాలో ల్యాబు 1980లో ప్రకటించిన మానవ రెట్రోవైరస్ కణాలను విపరీతంగా పెంచేది, ఇది చంపేస్తోంది. అంటే ఇది వేరే వైరస్. ఫిబ్రవరిలో ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు కింద కంటికీ కనబడింది.

నోబెల్ ఆవిడకూ, పాస్చర్‌లో ఇదే పనిలో ఉన్న మోంటాన్యేకూ వచ్చింది, షెర్మాన్‌కు రాలేదు. నాకిప్పటికీ మింగుడుపడని విషయం.

వైరస్ దొరికాక రోగులు నేరుగా పాస్చర్‌కే వచ్చి మందేదని అడిగేవారు. చేతిలో ఏమీ లేదు. ల్యాబు మనిషి అన్నమాటే గానీ, ఆవిడ ఆ ప్రశ్నను వదిలించుకోలేదు. 1985లో మధ్య ఆఫ్రికాలోని బాంగీకి వెళ్లారు, తర్వాత వియత్నాం, కాంబోడియాలలో ఏళ్ల తరబడి పనిచేశారు. నోబెల్ కబురు అందిందీ కాంబోడియాలోనే. కండోముల గురించి పోప్ అన్న మాటను తప్పుపడుతూ 2009లో బహిరంగ లేఖ కూడా రాశారు.

1987లో వచ్చిన తొలి హెచ్‌ఐవీ మందు ఏజెడ్‌టీ అడ్డుకునేది ఆవిడ కొలిచిన రివర్స్ ట్రాన్‌స్క్రిప్టేజ్ ఎంజైమునే. లామివుడిన్, టెనోఫోవిర్ అడ్డుకునేదీ దాన్నే. వాటిని మన హైదరాబాదు కంపెనీలు హెటెరో, అరబిందో తయారుచేస్తున్నాయి. 2004 నుంచి దేశంలో ఏఆర్‌టీ సెంటర్లలో హెచ్‌ఐవీ మందులు ఉచితంగా ఇస్తున్నారు. ఎలుకల వైరస్‌తో మనకేం పని అని అడిగినవాడికి ఆ సెంటరు ముందు క్యూ చూపించండి.

1983 మే 20 నాటి 'సైన్స్' పత్రికలో ఈ వైరస్ గురించి పాస్చర్ బృందం రాసిన వ్యాసం నాలుగంటే నాలుగు పేజీలు. పన్నెండు మంది రచయితల్లో మొదటి పేరు ఆవిడదే. ఎయిడ్స్‌కు ఈ వైరసే కారణమని అందులో ఎక్కడా తేల్చి చెప్పలేదు, అది ఇంకా తేలాల్సి ఉందనే రాశారు. ఈ సెలవుల్లో చదవండి. అర్థం కానిచోట ఫోన్ చేయండి, సాయంత్రాలు నేను ఖాళీయే.

ఆశీస్సులతో,
మీ పాత మాస్టారు