వెనుకకు పిలిచిన వాహనములు

జనరల్ మోటార్స్ సంస్థ అమెరికాలో విక్రయించిన షెవ్రోలే కోబాల్ట్ కారులో, తాళపుచెవి త్రిప్పు స్విచ్చి లోపల, ఒక సన్నని స్ప్రింగును, దానిచే నొక్కబడు ఒక చిన్న చీలయు ఉండెడివి. ఇంజను నడచుటకై చెవిని త్రిప్పిన తరువాత అది అచ్చటనే నిలుచునట్లు పట్టియుంచుటయే ఆ రెండింటి పని. ఆ పట్టు ఉండవలసినంత బలముగా లేకపోవుటచేత, చెవుల గుత్తి కొంచెము బరువైనను, నడుపువాని మోకాలు తగిలినను, చక్రము గతుకులో పడినను, చెవి తనంత తాను వెనుకకు జారి, పరుగెత్తుచున్న కారులో ఇంజను ఆగిపోయెడిది. దానితో స్టీరింగునకును బ్రేకులకును ఉన్న ఊతము పోయెడిది. అన్నిటికంటె దారుణమేమనగా, ప్రమాద సమయమున విచ్చుకొని ప్రాణము కాపాడవలసిన ఎయిర్‌బ్యాగు కరెంటు అందక ముడుచుకొనియే యుండెడిది.

సంస్థకు ఈ సంగతి తెలియదా యనిన, తెలియును. 2001లో శాటర్న్ అయాన్ అను మరియొక కారును పరీక్షించుచున్న దినములలోనే స్విచ్చి బలహీనత ఇంజనీర్ల కంటబడినది. కోబాల్ట్ బజారులోనికి వచ్చిన పిదప, నడుచుచున్న బండి ఉన్నట్లుండి ఆగిపోవుచున్నదని ఫిర్యాదులు వచ్చినవి. 2005లో డీలర్లకు పంపిన సూచనాపత్రములో, చెవుల గుత్తినుండి బరువైన వస్తువులను తీసివేయవలసినదిగా కొనుగోలుదారులకు చెప్పుడని వ్రాసినదేగాని, స్విచ్చి మార్చుడని వ్రాయలేదు. దోషము యంత్రములో నుండగా దిద్దుబాటు భారమును మనుష్యుని జేబులోనికి త్రోసినారు.

2006లో ఆ భాగమును మార్చుటకు ఆమోదము లభించినది, మారినది కూడ. అయితే పాతదానికున్న పార్టు నంబరునే క్రొత్తదానికిని ఉంచిరి. ఈ యొక్క విషయమువద్ద పాఠకులు కొంచెము నిలిచి ఆలోచింపవలెనని నా కోరిక. భాగము రూపము మారినపుడు దాని సంఖ్య మారవలెననుట యంత్రశాస్త్రమున ఓనమాలవంటి నియమము. గిడ్డంగిలో గుమాస్తా మొదలు మెకానికు షెడ్డులోని కుర్రవానివరకు అందరును ఆ సంఖ్యనే నమ్మి పనిచేయుదురు. సంఖ్య మారకపోవుటచేత, కొన్నియేండ్ల కార్లలో ఎయిర్‌బ్యాగులు విచ్చుకొనక మనుష్యులు చచ్చుటయు, తరువాతి యేండ్ల కార్లలో అట్టి దుర్ఘటనలు లేకపోవుటయు చూచిన పరిశోధకులకు రెంటికిని భేదమేమో కాగితములలో ఎంత వెదకినను కానరాలేదు. తుదకు, జార్జియా రాష్ట్రమున 2010లో మరణించిన ఒక యువతి తల్లిదండ్రుల పక్షమున వ్యాజ్యెము నడపిన న్యాయవాది నియమించిన నిపుణుడు, నుజ్జయిన కారులోని స్విచ్చిని, అదే సంఖ్యతో దుకాణమున అమ్ముచున్న క్రొత్త స్విచ్చిని ప్రక్కప్రక్కన విప్పి కొలిచి చూచెను. లోపలి చీల పొడవు మారియున్నది. పెద్ద పెద్ద కార్యాలయములు ఏండ్ల తరబడి చూడని దానిని, లేదా చూడగోరని దానిని, ఒక మనుష్యుడు బల్లపై రెండు వస్తువులను పెట్టి చూచినాడు.

మరమ్మతుకై ఆ కార్లను వెనుకకు పిలుచుట 2014 ఫిబ్రవరిలో మొదలై, మార్చి ముగియునప్పటికి 26 లక్షల కార్లకు విస్తరించినది. సంస్థ ఏర్పరచిన పరిహారనిధియే 124 మరణములను ఆ దోషమునకు ముడిపెట్టి అంగీకరించినది. అమెరికా కాంగ్రెసు విచారణలో బయటపడిన కాగితములనుబట్టి, ఆ భాగమును సరిచేయుటకు కారు ఒక్కింటికి పట్టు వ్యయము 57 సెంట్లు. నాటి మారకపు లెక్కలో సుమారు 35 రూపాయలు.

వేలకొలది భాగములను కూర్చి చేసిన యంత్రమున ఎచ్చటనో ఒక లోపము దొర్లుట మానవ సహజము, దానికై ఏ ఇంజనీరునైనను ద్రోహియని నేననను. లోపము తెలిసిన దినమునకును, దానిని కొన్నవానికి తెలిపిన దినమునకును నడుమనున్న కాలమే విచారింపదగినది. ఆ కాలమున రోడ్డు మీద నడచిన ప్రతి కారును, తెలిసినవాడు తెలియనివానిచేత నడిపించినట్టిది. కనుక వాహనభద్రతా శాసనము ఎట్టిదైనను నేను దానిని అడుగు ప్రశ్నలు రెండే: ‘నీకెప్పుడు తెలిసినది’ అని సంస్థను నిలదీయు బలము దానికున్నదా? చివరి బండి మరమ్మతగువరకు సంస్థను వదలక పట్టియుంచునా?

అమెరికాలో 1965లో రాల్ఫ్ నాడర్ వ్రాసిన ‘అన్‌సేఫ్ ఎట్ ఎనీ స్పీడ్’ అను గ్రంథము కలకలము రేపగా, మరుసటి యేటనే వాహనభద్రతా శాసనము వెలువడినది. దానినుండి పెరిగిన నియమముల ప్రకారము, దోషమున్నదని నిశ్చయమైన ఐదు పనిదినములలో సంస్థ ప్రభుత్వమునకు తెలుపవలెను; రిజిస్టరులోనున్న యజమానులకు తపాలాద్వారా లేఖలు పంపవలెను; ఎన్ని బండ్లను సరిచేసినదో మూడునెలలకొకసారి లెక్క ఒప్పజెప్పవలెను; ఏ పౌరుడైనను తన బండి గుర్తింపు సంఖ్యనిచ్చి, దానికి మరమ్మతు మిగిలియున్నదో లేదో క్షణములో చూచుకొనవచ్చును. ఇంత కట్టుదిట్టమున్న దేశములోనే ఆ స్విచ్చి దోషము పదేండ్లకుపైగా మరుగున పడియుండెను. ఆలస్యమునకు భద్రతాశాఖ నాడు విధింపగలిగిన గరిష్ఠ జరిమానా మూడున్నర కోట్ల డాలర్లు మాత్రమే. 2015లో నేరాభియోగమును నిలుపుదల చేయించుకొనుటకై సంస్థ 90 కోట్ల డాలర్లు చెల్లించినది. బోనెక్కినవాడు ఒక్కడును లేడు. శాసనమున్నంతమాత్రమున సరిపోదని చెప్పుటకే ఇంత వివరముగ వ్రాసితిని.

మన దేశమున 2012లో వాహన తయారీదారుల సంఘము తనకు తానుగా ఒక స్వచ్ఛంద నియమావళిని పెట్టుకొనువరకు, వాహనములను వెనుకకు పిలుచుటయనునది పూర్తిగా సంస్థల దయాధర్మముగ నుండెను. 2019లో మోటారు వాహనముల చట్టమునకు చేసిన సవరణలో 110ఎ సెక్షను చేరినది. 2021 ఏప్రిలు 1 నుండి దాని నియమములు అమలులోనికి వచ్చినవి. యజమానులనుండి నిర్ణీత ప్రమాణమున ఫిర్యాదులు వచ్చినను, పరీక్షా సంస్థ నివేదించినను, మరి యేవిధముగ తెలిసినను, కేంద్రప్రభుత్వము ఒక రకపు బండ్లనన్నిటిని వెనుకకు పిలువుమని ఆజ్ఞాపింపవచ్చును. సంస్థ వానిని సరిచేయుటయో, మార్చి యిచ్చుటయో, పూర్తి సొమ్ము తిరిగి యిచ్చుటయో చేయవలెను. విచారణాధికారికి సివిలు కోర్టు అధికారములు గలవు. ఇది మంచి శాసనము. దీనిని తెచ్చినవారిని అభినందింపక తప్పదు.

అయితే జరిమానాల పట్టిక చూచినపుడు మనస్సు చివుక్కుమనును. ప్రభుత్వాజ్ఞపై లక్షకు మించిన కార్లను వెనుకకు పిలువవలసివచ్చినపుడు పడు గరిష్ఠ జరిమానా కోటి రూపాయలు. అనగా కారు ఒక్కింటికి వంద రూపాయలైనను కాదు. ముప్పదియైదు రూపాయల ఖర్చునకు వెనుదీసిన సంస్థ కథ చదివినవారికి, ఆ వంద రూపాయలు ఎంతటి అదుపో వేరుగ చెప్పనక్కరలేదు. చట్టమునే ధిక్కరించిన తయారీదారునకైతే వందకోట్లవరకు జరిమానా, ఏడాదివరకు జైలు విధించుటకు 182ఎ సెక్షనులో వీలున్నది. తన లోపమును తానే ముందుగ వెల్లడించిన సంస్థకు జరిమానా మినహాయించుట న్యాయమే. కాని ఆ మినహాయింపు కోరు సంస్థ, లోపము మొదట ఏ దినమున ఎవరికి తెలిసినదో చూపు కాగితములను సమర్పింపవలెనను షరతు దానికి తోడుగ నుండవలెను. ఆ షరతు లేనినాడు, పదేండ్లు దాచి పట్టుబడబోవు ముందురోజు వెల్లడించినవాడును నిజాయితీపరుల పంక్తిలోనే కూర్చుండును.

ఈ నియమములలో ఏడేండ్లకు మించిన వాహనములకు చోటు లేదు. దీనిని నేనెంతమాత్రము అంగీకరింపజాలను. ఏలయనగా కొన్ని దోషములు బండి వయస్సుతో పెరుగును. జపాను దేశపు టకాటా సంస్థ ఎయిర్‌బ్యాగును ఉబ్బించుటకు అమోనియం నైట్రేటును వాడెను. గాలిలోని తేమయు, ఏండ్లకొలది పగటి వేడి రాత్రి చల్లదనముల ఒరిపిడియు ఆ రసాయనమును చెడగొట్టగా, ఢీకొన్నపుడు అది మండవలసిన వేగముకంటె మించి మండి, లోహపు డబ్బాను బ్రద్దలుచేసి, ఆ ముక్కలను ఎదుట కూర్చున్నవాని మెడమీదికి, ముఖముమీదికి విసరెడిది. ప్రపంచమంతట దాదాపు పదికోట్ల ఎయిర్‌బ్యాగులను మార్చవలసివచ్చినది. 2017లో ఆ సంస్థ దివాలా తీసినది. అమెరికాలో ఫ్లోరిడావంటి ఉక్కపోత రాష్ట్రముల కార్లకు ముందు మార్పు జరుగవలెనని నిర్ణయించిరి. మన దేశమునను హోండా మున్నగు సంస్థలు పాతకార్లను పలుమారులు పిలిచి మార్చినవి. విశాఖ, కాకినాడ, మచిలీపట్టణముల గాలి ఎట్టిదో మనకెరుకయే. అట్టిచోట పదియేండ్లు, పండ్రెండేండ్లు తిరిగిన కారుకే ఈ అపాయమెక్కువ కాగా, సరిగా ఆ కారునే శాసనము గడపవెలుపల నిలబెట్టుచున్నది.

ఇక విద్యుద్వాహనముల సంగతి చూడుడు. 2022 ఏప్రిలు నెలలో నిజామాబాదులో ఒక ఇంట చార్జింగునకు పెట్టిన విద్యుత్ స్కూటరు బ్యాటరీ పేలి ఒక వృద్ధుడు మరణించెను. కొలదిదినములలోనే విజయవాడలో మరియొక సంస్థ బ్యాటరీ పడకగదిలో పేలి ఇంటి యజమాని ప్రాణము తీసినది. కుటుంబమువారు కాలిన గాయములపాలైరి. రోడ్డుమీది ప్రమాదమునకు మనము కొంత సిద్ధపడియుందుము. రాత్రి నిద్రించుచున్న గదిలో, గోడప్లగ్గువద్ద నున్న పెట్టె చంపునని ఎవడు తలచును? ఆ నెలలోనే హైదరాబాదు సంస్థ ప్యూర్ ఈవీ 2,000 స్కూటర్లను, ఓలా 1,441ని, ఒకినావా 3,215ని వెనుకకు పిలిచినవి. పిలిచిన సంఖ్యలు పత్రికల మొదటి పుటలకెక్కినవి. వచ్చిన బండ్లెన్ని, బ్యాటరీ విప్పి చూచినవెన్ని, మార్చినవెన్ని యను రెండవ లెక్కయే ఆ బండ్లున్న ఇండ్లవారికి కావలసినది. దానిని మూడునెలలకొకసారి ప్రజలముందు పెట్టుట ప్రతి సంస్థకును విధిగా చేయవలెను.

వెనుకకు పిలుపు అందనివారెవరో చూడుడు. హైదరాబాదులో ఒక ఉద్యోగి కొన్న కారు ఐదేండ్లకు ఒంగోలులోని బంధువునకు, అచ్చటినుండి కనిగిరిలోని మరియొకనికి చేరును, ఆర్.సి. పేరు మారినను షోరూములో వ్రాసిన ఫోను నంబరు మొదటివానిదే. వారంటీ తీరిన నాటినుండి బండి పోవునది వీధి చివరి మెకానికు షెడ్డుకేగాని కంపెనీ సర్వీసుకు కాదు. సంస్థ పంపిన సందేశము మొదటివాని ఫోనులో పదియవ ప్రకటనగ చేరి తొలగిపోవును. నేడు బండి నడుపుచున్నవాడెవడో తెలిసినది రవాణాశాఖకు. జర్మనీలో సంస్థలు కేంద్ర రిజిస్టరు నుండియే యజమానుల చిరునామాలను పొంది లేఖలు పంపుచున్నవి. మన వాహన్ రిజిస్టరులో ప్రతి బండి ఇన్సూరెన్సు, పొల్యూషను సర్టిఫికెట్ల గడువులు కనబడుచున్నవి; వాని క్రిందనే మిగిలియున్న భద్రతా మరమ్మతును కూడ చూపుట కష్టమైన పనికాదు. ఆర్.టి.ఓ. కార్యాలయమున పేరు మార్పిడికి వచ్చినపుడును, ఫిట్‌నెసు పరీక్షకు వచ్చినపుడును గుమాస్తా ఆ పంక్తిని చదివి యజమానికి చెప్పవలెను.

మరమ్మతు ఉచితమని నోటీసులో వ్రాయుదురు. క్యాబు నడుపుకొని బ్రతుకువానికి అది ఉచితము కాదు. ఉదయము తొమ్మిదింటికి షోరూమునకు బండి నిచ్చినవాడు, భాగము రాలేదనియో, వరుసలో ముందు పదిమంది యున్నారనియో చెప్పించుకొని, సాయంకాలమువరకు ప్లాస్టికు కుర్చీలో కూర్చుండి, ఆ దినపు సంపాదనను పోగొట్టుకొని, ఫైనాన్సు కంపెనీ వాయిదాను మాత్రము పోగొట్టుకొనక ఇంటికి పోవును. జనరల్ మోటార్స్ పిలుపు తరువాత క్రొత్త స్విచ్చిలకొరకు అనేకులు నెలలకొలది వేచియుండిరి. ఆ నడుమ అడిగినవారికి సంస్థ వేరు కార్లు సమకూర్చినది. ఇచ్చటను, మరమ్మతు ఒక పూటకు మించిన యెడల మరియొక బండి నిచ్చుటయో, బండితోనే పొట్టపోసికొనువానికి ఆ దినపు ఆదాయమును లెక్కగట్టి చెల్లించుటయో చేయవలెనని 2021 నాటి నియమములలో ఒక ఉపనియమమును చేర్చవలెను. తన తప్పిదముచేత పోయిన దినమునకు వెల చెల్లింపవలసివచ్చిన సంస్థ, భాగములను ముందే తెప్పించి పెట్టుకొని, ఫోను చేసి వేళ నిర్ణయించి, అవసరమైనచో మెకానికును బండి యున్నచోటికే పంపును.