అల్మరాలో కమడోర్, తక్కెడలో తెలుగు

పాత కంప్యూటర్లు పోగుచేసేవాళ్ళతో నాకు పేచీ లేదు. ఎవరి డబ్బు, ఎవరి అల్మరా వాళ్ళిష్టం. కానీ ఆ అల్మరా ముందు నిలబడి "చరిత్రను కాపాడుతున్నా" అన్నప్పుడు మాత్రం రెండు ప్రశ్నలు అడగాల్సొస్తుంది. ఎవరి చరిత్ర? అది ఆన్ అవుతుందా?

ఈ రెండిటికీ జవాబు లేని అల్మరాలు మన ఐటీవాళ్ళ ఇళ్ళల్లో కనిపిస్తున్నాయి. ఒక కమడోర్ 64, పక్కన రబ్బరు మీటల జెడ్‌ఎక్స్ స్పెక్ట్రమ్, వెనక చిన్న ఎల్‌ఈడీ లైటు. విదేశాల్లో వేలంలో కొని, కస్టమ్స్ కట్టి తెప్పించుకున్నవి. అమెరికా నుంచి వచ్చిన కమడోర్ అయితే దాని పవర్ సప్లై 110 వోల్టులది, టీవీ సిగ్నల్ ఎన్‌టీఎస్‌సీది. మన గోడలో ఉన్నది 230 వోల్టులు, మన పాత టీవీలేమో పాల్ పద్ధతివి. ట్రాన్స్‌ఫార్మరూ, సరైన మానిటరూ దొరికితే గానీ అది పనిచేయదు. పైగా కమడోర్ పాత పవర్ సప్లై చెడిపోతూ చెడిపోతూ ఎక్కువ వోల్టేజీ పంపి లోపలి చిప్పుల్ని కాల్చేస్తుందని ఆ మెషీన్ సంగతి తెలిసినవాళ్ళందరికీ ఎరుకే. కాబట్టి ప్లగ్గే పెట్టరు. పసుపెక్కిన ప్లాస్టిక్‌కు మాత్రం హైడ్రోజన్ పెరాక్సైడ్ పూసి, ఎండబెట్టి తెల్లగా చేస్తారు. పెళ్ళిచూపులకు పౌడర్ రాసినట్టు. ఫొటో దిగాక అల్మరా తలుపు పడిపోతుంది.

సరే, మొదటి ప్రశ్న. కమడోర్ 64, స్పెక్ట్రమ్ రెండూ 1982లో వచ్చాయి. బ్రిటన్‌లో ఆ ఏడాది పదేళ్ళున్న పిల్లలు స్పెక్ట్రమ్‌ను ఇంట్లో టీవీకి తగిలించి, క్యాసెట్ నుంచి గేమ్ లోడయ్యేదాకా నిమిషాల తరబడి ఆ కీచు శబ్దం వింటూ కూర్చున్నారు. ఇప్పుడు వాళ్ళు ఆ మెషీన్ మీద బెంగపడితే అది వాళ్ళ హక్కు. వరంగల్‌లో 1982 నాటికి మధ్యతరగతి ఇంట్లో టీవీ ఉండటమే గొప్ప. ముప్పైల్లో ఉన్న మనం అప్పటికి పుట్టనే లేదు. పుట్టని కాలం, చూడని ఊరు, ఆడని ఆట మీద బెంగను నోస్టాల్జియా అనడానికి నాకు నోరు రాదు. యూట్యూబ్‌లో ఇంకొకరి బాల్యం చూసి, దాన్ని క్రెడిట్ కార్డు మీద కొనుక్కోవడం అంటాను.

మనకు చరిత్ర లేక అరువు తెచ్చుకుంటున్నామా? అదేం కాదు. 1967లో హైదరాబాద్‌లో పెట్టిన ఈసీఐఎల్, ట్రాంబే పేరు కలిసిన టీడీసీ-12, టీడీసీ-312, టీడీసీ-316 కంప్యూటర్లను తయారుచేసింది. అవి ఇంట్లో పట్టేవి కావు, ఒప్పుకుంటాను. చిన్నవాటి సంగతే చూద్దాం. 1984-85లో కేంద్ర ప్రభుత్వం బడిపిల్లలకు కంప్యూటర్ నేర్పడానికి 'క్లాస్' అనే పథకం మొదలుపెట్టింది. దానికోసం ఎంచుకున్నది బ్రిటన్ వాళ్ళ బీబీసీ మైక్రో. దాన్నే మన ప్రభుత్వ సంస్థ సెమీకండక్టర్ కాంప్లెక్స్ 'యూనికార్న్' పేరుతో ఇక్కడ తయారుచేసింది. 1986లో డెసిబెల్స్ అనే భారతీయ కంపెనీ లైసెన్స్ తీసుకుని స్పెక్ట్రమ్ ప్లస్‌ను 'డీబీ స్పెక్ట్రమ్'గా అమ్మింది. అల్మరాలోకి స్పెక్ట్రమే కావాలనుకుంటే ఈ గడ్డ మీద అమ్ముడైన స్పెక్ట్రమ్ ఒకటుంది. దానికోసం పాత ట్యూషన్ సెంటర్లలో, బడుల స్టోర్‌రూముల్లో వెతికేవాళ్ళెంతమంది? అది ఇన్‌స్టాగ్రామ్‌లో ఎవరికీ తెలీదు కాబట్టి దానికి గిరాకీ లేదు.

ఇంకా దగ్గరికి రండి. మనలో చాలామంది చేతికి తగిలిన మొదటి కీబోర్డు ఏది? టీవీకి తగిలించే వీడియో గేమ్‌తో వచ్చిన కీబోర్డు. 'చదువు కూడా వస్తుంది' అని అమ్మానాన్నల్ని ఒప్పించడానికి పనికొచ్చిన ఆ తెల్ల డబ్బా. అది జపాన్ నింటెండో మెషీన్‌కు నకలు. దాని లోపలి ప్రాసెసర్ 6502 వంశానిది. కమడోర్ 64లో ఉన్నదీ, బీబీసీ మైక్రోలో ఉన్నదీ, ఆపిల్ టూలో ఉన్నదీ ఆ వంశమే! కొన్నిటి కార్ట్రిడ్జ్‌లో బేసిక్ భాష కూడా ఉండేది. చరిత్రలో పేరున్న చిప్పు కోసం సముద్రాలు దాటి వెతుకుతున్నవాళ్ళు దాని పినతండ్రి కొడుకును ఏ దసరా దులుపుడులోనో పాత సామాన్ల బండికి వేసేశారు. నకలు కదా, దానికేం విలువ అంటారు. మనకు కంప్యూటర్ నకలుగానే వచ్చింది. అసలు దొరకని చోట నకలే చరిత్ర.

ఇక అసలైన మన 'హోం కంప్యూటర్'కు కంపెనీ పేరు కూడా లేదు. సికింద్రాబాద్ సీటీసీలో ఒక షాపులో మదర్‌బోర్డు, ఇంకోదాంట్లో ర్యామ్, మూడోదాంట్లో క్యాబినెట్ కొని, బిగించి, బస్సులోనో రైల్లోనో ఒళ్ళో పెట్టుకుని కాజీపేట దాకా తెచ్చుకున్న అసెంబుల్డ్ మెషీన్ అది. మానిటర్‌కు పూల అంచు గుడ్డ, గదిలోకి చెప్పులు నిషిద్ధం. ఇలాంటి రెండు మెషీన్లు ఒకేలా ఉండవు. ఏ కేటలాగ్‌లోనూ ఉండవు కాబట్టి కలెక్టర్లకు కనబడవు.

ఇప్పుడు రెండో ప్రశ్న. ఆన్ అవుతుందా?

సాలార్‌జంగ్ మ్యూజియంలో ఎన్నో వస్తువులున్నాయి. కానీ గంట కొట్టే వేళకు జనం పరుగెత్తుకొచ్చి కూర్చునేది ఆ ఒక్క గడియారం ముందే. లోపలి నుంచి గడ్డపాయన వచ్చి గంట కొట్టి పోతాడు, అంతే. ఆ బొమ్మ కదలకపోతే అది వంద వస్తువుల్లో ఒకటి. కొడుతుంది కాబట్టే దానికి ప్రతి గంటా జనం. కంప్యూటర్ కూడా గడియారం జాతిదే, విగ్రహం జాతిది కాదు. కరెంటు పెట్టని కంప్యూటర్ ప్లాస్టిక్ డబ్బా.

కరెంటు పెడితే ఎంత సంతోషమో చెప్పకుండా ఈ వాదన పూర్తికాదు. బీబీసీ మైక్రో స్విచ్ నొక్కితే ఒక 'బీప్', వెంటనే బేసిక్ సిద్ధం. లాగిన్ లేదు, అప్‌డేట్ లేదు, షరతులకు ఒప్పుకోమనే బాక్స్ లేదు. ఏదైనా రాయి, చేస్తాను అంటుంది. 6502లో ఆదేశాలు 56. చేతిలో ఆడించుకోవడానికి ముఖ్యంగా మూడు రిజిస్టర్లు. మోడల్ బీలో ర్యామ్ 32 కేబీ. ఒక మనిషి తలలో మొత్తం మెషీన్ పట్టేస్తుంది. పగలంతా క్లౌడ్‌లో పనిచేసే నాలాంటివాడికి, తను రాసిన ప్రోగ్రామ్ కింద ఎన్ని పొరలున్నాయో లెక్క చెప్పలేనివాడికి, అడుగు కనిపించే బావి అది. తొంగిచూస్తే నీళ్ళూ కనిపిస్తాయి, మన మొహమూ కనిపిస్తుంది. ఈ హాబీకి ఇంతకన్నా సమర్థన అక్కర్లేదు. అల్మరా తలుపు పడితే పోయేది సరిగ్గా ఈ సంతోషమే.

ఇంతవరకూ సరదా విషయం. అసలు గొడవ ఇక్కడ మొదలవుతుంది.

హన్మకొండ చౌరస్తా చుట్టూ, కాకతీయ యూనివర్సిటీ దగ్గరా ఉన్న డీటీపీ సెంటర్లను తలుచుకోండి. తొంభైల నుంచి ఈ ఊళ్ళో పెళ్ళికార్డులు, కరపత్రాలు, థీసిస్‌లు, సావనీర్లు, సొంత ఖర్చుతో అచ్చేసుకున్న కవితా సంపుటాలు ఆ కీబోర్డుల మీదే కంపోజ్ అయ్యాయి. పేజ్‌మేకర్, దానికి తోడు అను ఫాంట్లు. అను ఫాంట్లలో దాచిన తెలుగు, కంప్యూటర్ లెక్కలో తెలుగు కాదు. తలకట్టొక ముక్క, గుణింతమొక ముక్క, ఒత్తొక ముక్క. ఇంగ్లీషు అక్షరాలు కూర్చోవాల్సిన స్థానాల్లో ఈ ముక్కల్ని కూర్చోబెట్టారు. ఆ ఫాంట్ ఉంటే కవిత్వం. లేకపోతే నెత్తిన టోపీలు పెట్టుకున్న లాటిన్ అక్షరాల గుంపు. పేజ్‌మేకర్‌కు 2001లో వచ్చిన 7.0 తర్వాత కొత్త వెర్షన్ లేదు. శ్రీలిపి లాంటి వాటికి హార్డ్‌వేర్ లాక్ కూడా ఉండేది. ప్రింటర్ పోర్టుకు ఆ చిన్న ముక్క తగిలిస్తేనే సాఫ్ట్‌వేర్ నడిచేది. ఇప్పటి ల్యాప్‌టాప్‌కు ఆ పోర్టే లేదు.

అంటే తెలుగు రచనల ఒక తరం, పాత మెషీన్ బతికుంటేనే చదవగలిగే స్థితిలో ఉంది. ఆ మెషీన్ ఎక్కడుంది? షాపు మూతపడితే తక్కెడ మీద. కిలోల లెక్కన.

పక్కనే ఇంకో కథ ఉంది, పోల్చి చూడండి. అమెరికాలో రైస్ యూనివర్సిటీలో చదువుకున్న తెలుగువాళ్ళు తెలుగును మామూలు ఇంగ్లీషు అక్షరాల్లో రాసే ఆర్టీఎస్ పద్ధతిని తయారుచేశారు. చూడ్డానికి అందం లేదు. కానీ తొంభైల్లో ఆ పద్ధతిలో రాసినదాన్ని ఈరోజు ఏ ఫోన్లోనైనా తెరవొచ్చు, క్షణంలో తెలుగు లిపిలోకి మార్చుకోవచ్చు. సీడ్యాక్ వాళ్ళ జిస్ట్ కార్డుతో, 1991లో ప్రమాణంగా స్థిరపడిన ఇస్కీలో రాసిన ఫైళ్ళదీ అదే అదృష్టం. ఏ అక్షరానికి ఏ అంకెో అందరికీ తెలిసిన పట్టిక ఉంది కాబట్టి అవి యూనికోడ్‌లోకి వచ్చేస్తాయి. అందమైన అచ్చు కోసం తయారైన ఫాంట్ల తెలుగు మాత్రం ఇరుక్కుపోయింది. పోతన పుట్టిన ఉమ్మడి వరంగల్ జిల్లాలో, పోతన పేరుతో యూనికోడ్ ఫాంటే ఉన్న కాలంలో, ఇరవై ఐదేళ్ళ కిందటి కవి ఫైలు తెరవలేకపోతున్నాం.

దీనికి మూడు అభ్యంతరాలు ఎప్పుడూ వినిపిస్తాయి.

"పుస్తకం అచ్చయింది కదా, ఫైలెందుకు?" అచ్చయిన పేజీని స్కాన్ చేస్తే వచ్చేది బొమ్మ. ఫైల్లో ఉన్నది పాఠం. వెతకడానికి, మళ్ళీ అచ్చెయ్యడానికి, చూపులేనివాళ్ళకు చదివి వినిపించడానికి పాఠం కావాలి. పైగా అచ్చు కాకుండానే ఆగిపోయిన రాతప్రతులకు ఆ ఫైలే ఏకైక ప్రతి కావచ్చు.

"ఎమ్యులేటర్ ఉంది కదా, డొక్కు మెషీన్ ఎందుకు?" ఎమ్యులేటర్ మంచిదే, నేనూ వాడతాను. కానీ దానికి పెట్టే రామ్ ఫైల్‌ను ఎవరో ఒకరు అసలు చిప్పు నుంచే తీసి ఉంటారు. ఫ్లాపీ మీద బూజును ఎమ్యులేటర్ తుడవదు. ప్రింటర్ పోర్టు లాక్ దానికి కనబడదు.

"కన్వర్టర్లు వచ్చాయి కదా?" వచ్చాయి, వాటిని రాసినవాళ్ళకు దండం. కానీ కన్వర్టర్ పని మొదలయ్యేది ఫైలు చేతికొచ్చాక. ఫ్లాపీ చదివి, పేజ్‌మేకర్‌లో తెరిచి, పాఠం బయటికి తీస్తేనే దానికి మేత. తీసినా, ఒత్తులు తారుమారైతే సరిచూడ్డానికి తెలుగు వచ్చిన మనిషి కావాలి.

అందుకే పాత కంప్యూటర్ల మీద ప్రేమ ఉన్నవాళ్ళను ఈ ఊరివైపు తిరగమంటున్నాను. ఈ పనికి కావాల్సిన ఓపికా, చేతి నైపుణ్యమూ వాళ్ళ దగ్గరే ఉన్నాయి. కమడోర్ కెపాసిటర్లు మార్చగలిగినవాడు 386 మదర్‌బోర్డు మీద కారిపోయి రాగిగీతల్ని తినేస్తున్న బ్యాటరీని పీకేయగలడు. పాత సీఆర్‌టీ మానిటర్ ప్లగ్ తీసేసినా లోపల షాక్ దాగుంటుందని అతనికి వేరే చెప్పక్కర్లేదు. ఫ్లాపీ మీది అయస్కాంత గీతల్ని ఉన్నదున్నట్టు తీసే గ్రీజ్‌వీజిల్ లాంటి చిన్న బోర్డులు, అల్మరాలోకి తెప్పించే ఇంకో మెషీన్‌తో పోలిస్తే ఖర్చే కాదు. 1959లో రీజనల్ ఇంజనీరింగ్ కాలేజీ మొదలై, 2002లో అదే ఎన్‌ఐటీ అయిన ఊరు ఇది. ఇక్కడ చేతులకు కొదువ లేదు.

పెద్ద మ్యూజియం అడగడం లేదు. ఊళ్ళో ఒక గది. అందులో విండోస్ 98దొకటి, ఎక్స్‌పీదొకటి, రెండు నడిచే మెషీన్లు. రెండు సైజుల ఫ్లాపీ డ్రైవులు. మూతపడుతున్న డీటీపీ సెంటర్ వాళ్ళు స్క్రాప్ షాపుకు కాకుండా ముందు ఈ గదికి ఫోన్ చేసేంత పరిచయం. ఒక్క నియమం మాత్రం తప్పనిసరి. ఆ డిస్కుల్లో ఇతరుల ఉత్తరాలూ, అర్జీలూ, జాతకాలూ కూడా ఉంటాయి. రాసినవాళ్ళను గానీ, వాళ్ళ పిల్లల్ని గానీ అడక్కుండా ఒక్క పేజీ కూడా బయటపెట్టకూడదు.

వేయిస్తంభాల గుడి కళ్యాణ మండపాన్ని విప్పినప్పుడు రాళ్ళకు నంబర్లు వేశారు. మళ్ళీ నిలబెట్టడానికి పదిహేనేళ్ళ పైనే పట్టింది, 2024 మార్చిలో తెరిచారు. ఆలస్యం మీద ఎంతైనా పోట్లాడొచ్చు. కానీ ఏ రాయి ఎక్కడిదో తెలుసు కాబట్టే అది లేచింది. రాయి కాబట్టి అన్నేళ్ళు ఆగింది కూడా. ఫ్లాపీ రాయి కాదు. వరంగల్ వానాకాలంలో దానికి బూజు పడుతుంది, ప్రతి ఏడూ కొంత పోతుంది.

కాబట్టి రెట్రో మిత్రులారా, ఇంకో కమడోర్ కొనేముందు మీ మేనమామ అటక మీదో, పాత డీటీపీ అన్న బీరువాలోనో ఉన్న ఫ్లాపీ డబ్బా అడగండి. ఒక్క ఫ్లాపీలో 1.44 ఎంబీ. ఒక కవితా సంపుటి హాయిగా పట్టేస్తుంది. కమడోర్‌ను చూసుకోవడానికి ప్రపంచమంతా జనం ఉన్నారు. ఆ ఫ్లాపీని చదవాలంటే తెలుగు రావాలి.