నేరం యంత్రానిది కాదు

తెలుగును ఆంగ్లాక్షరాలలో వ్రాయడం కంప్యూటరు అంటించిన జాడ్యమనే వాదాన్ని నేనంగీకరించను. 1983లో బర్క్‌లీ యూనిక్సుతో వచ్చిన ‘టాక్’ అనే సంభాషణ సాధనంలో తెర రెండుగా చీలేది. ఇరువురి మాటలూ అక్షరమక్షరం అప్పటికప్పుడే కనిపించేవి. అటువంటి తెరలకు ఆధారమైన ఆస్కీలోని 128 సంకేతాలలో తెలుగుకు చోటే లేదు. అయినా అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయంలో తెలుగువారు కూర్చిన ఆర్‌టీఎస్ లిప్యంతరీకరణ పద్ధతిలో ‘కల’కు చిన్న ఎల్, ‘కళ’కు పెద్ద ఎల్ నియమించారు. గతిలేనినాడు సైతం ళకారాన్ని కాపాడిన భాషాభిమానమది!

1991లోనే యూనికోడు తెలుగుకు స్థానమిచ్చింది. నేడు మా మర్పల్లిలో సెల్‌ఫోనుకూ తెలుగు వచ్చు. అయినా కలకూ కళకూ భేదం చెరిపి సందేశాలు పంపేవారే ఎక్కువ. ఈ నేరం యంత్రానిది కాదు మిత్రులారా, బద్ధకానిది!